బొమ్మ రైళ్ల రారాజు: ఒక్క గూడ్స్ వ్యాగన్‌తో మొదలెట్టాడు.. నాడు ఎవరూ కొననివే నేడు వేల డాలర్లు!

బొమ్మ రైళ్ల వీడియోలు మీ ఫోన్‌లో ఎప్పుడైనా కనిపించే ఉంటాయి. హాలంతా పరిచిన పట్టాలు, మధ్యలో బుల్లి ఊళ్లు, వంతెనలు, సొరంగాలు. వాటి మధ్య జానెడు పొడవున్న గూడ్స్ వ్యాగన్లు వరుసగా వెళ్తుంటాయి. ఒక వ్యాగన్ పైకప్పులోంచి జిరాఫీ తల బయటపెట్టి, అడ్డం రాగానే టక్కున దించేస్తుంది. ఇంకో వ్యాగన్‌లోంచి పాలవాడు బయటికొచ్చి క్యాన్ తోసేస్తాడు. మరోదాంట్లో అద్దాల వెనక చేపలు తిరుగుతుంటాయి. పిల్లల బొమ్మలే కదా అనుకుంటాం. కానీ వీటి కోసం వేల డాలర్లు పెట్టే పెద్దవాళ్లు అమెరికాలో ఎంతోమంది ఉన్నారు.

ఈ పిచ్చి అంటించిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు జాషువా లయనెల్ కోవెన్. చనిపోయి ఆరు దశాబ్దాలు దాటింది. ఆయన మధ్యపేరే కంపెనీ పేరైంది. లయనెల్ అంటే అమెరికాలో ఇప్పటికీ బొమ్మ రైలుకు మారుపేరు. ఆయన జీవితంలో ఓ తమాషా ఉంది. పేరు తెచ్చింది ఇంజన్లు.. ఇంట్లో కుప్పలుగా చేరింది మాత్రం వాటి వెనకాల తగిలించే గూడ్స్ వ్యాగన్లు. కోవెన్ మొదట తయారుచేసింది కూడా ఇంజన్ కాదు, వ్యాగనే!

ఎవరీ కోవెన్?

పుట్టింది 1877 ఆగస్టు 25న, న్యూయార్క్‌లో. తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. తొమ్మిది మంది సంతానంలో ఈయన ఎనిమిదోవాడు. అప్పట్లో ఇంటిపేరు కోహెన్. 1910లో దాన్ని కోవెన్‌గా మార్చుకున్నాడు.

చిన్నప్పటి నుంచీ చేతులు ఊరుకునేవి కావు. ఏడేళ్ల వయసులో చెక్కతో ఇంజన్ చెక్కి, దానికో బుల్లి ఆవిరి యంత్రం బిగిస్తే అది కాస్తా పేలిపోయి వంటింటి గోడ కాగితం ఊడొచ్చిందని ఒక కథ. ఇది ఎంతవరకు నిజమో గానీ, పెద్దయ్యాక ఆయన ఇలాంటివి చాలా చెప్పేవాడు. చేతిలో పట్టుకునే టార్చిలైటుకు మూలం కూడా తన ఐడియానే అని చెప్పుకున్నాడు. పేటెంట్ రికార్డులు చూస్తే ఆ మాట నిలబడదు. మంచి సేల్స్‌మన్ తన గురించి చెప్పే కథల్లో కొంత తీసేసి వినాలి. కోవెన్ మామూలు సేల్స్‌మన్ కాదు మరి.

చదువు విషయానికొస్తే సిటీ కాలేజ్‌లో, కొలంబియా యూనివర్సిటీలో అడుగుపెట్టాడు కానీ ఏదీ పూర్తిచేయలేదు. బ్యాటరీలు, దీపాలు తయారుచేసే చోట ఉద్యోగానికి కుదిరాడు. 1899లో ఫొటోగ్రాఫర్ల కోసం ఒక ఫ్లాష్ ల్యాంప్‌కు పేటెంట్ తీసుకున్నాడు. బ్యాటరీ కరెంటుతో మెగ్నీషియం పొడిని అంటించే పరికరం అది. ఫొటోగ్రాఫర్ల సంగతేమో గానీ, అమెరికా నేవీ కన్ను దాని మీద పడింది. సముద్రంలో పెట్టే మందుపాతరలను పేల్చడానికి అలాంటి ఫ్యూజులు కావాలని 24 వేలకు ఆర్డరిచ్చింది. దాంతో చేతిలోకి 12 వేల డాలర్లు వచ్చాయి. ఆ కాలానికి అది పెద్ద మొత్తమే.

ఆ డబ్బుతో 1900 సెప్టెంబర్‌లో హ్యారీ గ్రాంట్ అనే స్నేహితుడితో కలిసి లయనెల్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టాడు. పేరైతే పెట్టారు గానీ ఏం తయారుచేయాలో ఇద్దరికీ స్పష్టంగా తెలీదు. ఒక ఫ్యాన్ మోటారు చేశారు. అదేమంత ఆడలేదు.

దుకాణం కిటికీలో దొరికింది అసలు దారి

1901లో కోవెన్ న్యూయార్క్‌లోని కోర్ట్‌లాండ్ వీధిలో ఓ షాపు ముందు ఆగాడు. రాబర్ట్ ఇంగర్‌సాల్ అనే వ్యాపారిది ఆ షాపు. కిటికీ నిండా సరుకు ఉంది, చూసేవాళ్లు లేరు. కదలకుండా పడున్న సరుకును ఎవరు చూస్తారు? కదిలేదేదైనా పెడితే దారిన పోయేవాళ్లు ఆగుతారని కోవెన్‌కు తట్టింది.

సిగార్ డబ్బాలా కనిపించే చెక్క పెట్టె ఒకటి తీసుకున్నాడు. పైకప్పు లేదు. అంటే గూడ్స్ రైళ్లలో బొగ్గూ గట్రా పోసుకెళ్లే గొండోలా వ్యాగన్ లాంటిదన్నమాట. అమ్ముడుపోని ఫ్యాన్ మోటారును దాని అడుగున బిగించాడు. చెక్క స్లీపర్లలో లోహపు పట్టీలు దిగ్గొట్టి గుండ్రటి ట్రాక్ వేశాడు. కరెంటు బ్యాటరీల నుంచే. అప్పటికి అమెరికాలో కూడా చాలా ఇళ్లకు కరెంటు లేదు. వ్యాగన్ పక్కన బంగారు రంగు అక్షరాలతో ఎలక్ట్రిక్ ఎక్స్‌ప్రెస్ అని రాయించాడు. లోపల షాపు సరుకు పెడితే, అది కిటికీలో గుండ్రంగా తిరుగుతూ ఉండాలి. అదీ ప్లాన్.

ఇంగర్‌సాల్ 4 డాలర్లిచ్చి కొన్నాడు. జనం ఆగారు, చూశారు. కానీ వాళ్లు అడిగింది లోపలున్న సరుకు కాదు.. తిరుగుతున్న వ్యాగన్‌ని! మొదటి కస్టమర్ ఆ డిస్‌ప్లేనే కొనుక్కుపోయాడు. ఇంగర్‌సాల్ మరో అరడజను కావాలని కబురంపాడు. ప్రకటన కోసం చేసిన వస్తువే అసలు సరుకైపోయింది. ఇంజన్ లేదు, బోగీలు లేవు, తనంతట తానే నడిచే ఒకే ఒక్క గూడ్స్ వ్యాగన్.. లయనెల్ మొదటి బొమ్మ రైలు అదే. నాటి ఒరిజినల్ వ్యాగన్లు ఇప్పుడు చాలా అరుదు. ఎక్కడైనా ఒకటి బయటపడితే కలెక్టర్లకు అది పెద్ద వార్తే.

మరుసటి ఏడాది ట్రామ్ బండి వచ్చింది. ఆ తర్వాత బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే వాళ్ల ఎలక్ట్రిక్ ఇంజన్ నమూనా తెచ్చారు. 1906లో కోవెన్ వేసిన ఎత్తు మాత్రం చెప్పుకుని తీరాలి. అప్పటికి మార్కెట్లో రకరకాల కొలతల పట్టాలున్నాయి. ఆయన ఎవరితోనూ సరిపోలని కొత్త వెడల్పు ఒకటి ఎంచుకున్నాడు. రెండు అంగుళాల మీద ఎనిమిదో వంతు. దానికి పెట్టిన పేరు స్టాండర్డ్ గేజ్! అంటే మిగతావాళ్లవన్నీ స్టాండర్డ్ కానట్టే కదా. పేరు ఆయన సొంతం కాబట్టి పోటీ కంపెనీలు అదే కొలతలో తయారుచేసినా ఆ మాట వాడలేక వైడ్ గేజ్ అని చెప్పుకోవాల్సి వచ్చింది. పట్టాల మధ్య మూడో పట్టా కూడా అప్పుడే వచ్చింది. నడిమి పట్టాలోంచి కరెంటు వస్తుంది, పక్క పట్టాల్లోంచి వెనక్కి పోతుంది. ట్రాక్‌ను ఎటు మెలితిప్పి కలిపినా షార్ట్ సర్క్యూట్ కాదు. నిజం రైలుకు మూడు పట్టాలేంటని వెక్కిరించినవాళ్లున్నారు. పదేళ్ల పిల్లాడు తనంతట తాను ట్రాక్ కలుపుకోవాలంటే ఇంతకన్నా సులువైన దారి లేదు.

1915 నాటికి ఓ గేజ్ అనే చిన్న సైజు కూడా తెచ్చారు. పట్టాల మధ్య దూరం అంగుళంపావు. ఇప్పుడు కలెక్టర్ల ఇళ్లలో కనిపించే లయనెల్ వ్యాగన్లలో ఎక్కువ భాగం ఈ సైజువే. న్యూజెర్సీలోని ఇర్వింగ్టన్‌లో పెద్ద ఫ్యాక్టరీ పెట్టారు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌కు అదేం అట్టే దూరం కాదు. ఫ్యాక్టరీ బాధ్యతంతా ఇటలీ నుంచి వచ్చిన మారియో కరూసో చూసేవాడు.

ప్రకటనల్లో కోవెన్‌కు మొహమాటం లేదు. పోటీ కంపెనీల వ్యాగన్లను తన వాటి పక్కన పెట్టి, అవి ఎంత నాసిరకమో చూడండని పిల్లలకే నేరుగా చెప్పేవాడు. బొమ్మ రైలు అంటే తండ్రీకొడుకులు కలిసి ఆడుకునేదన్న భావన కూడా ఆయన ప్రచారంతోనే బలపడింది. కొనేది తండ్రి కాబట్టి ముందు తండ్రికి నచ్చాలి! క్రిస్మస్ సీజన్‌లో పెద్ద పెద్ద షాపుల్లో రైళ్ల డిస్‌ప్లేలు పెట్టించాడు. కొడుకు లారెన్స్ ముఖాన్ని అట్టపెట్టెల మీదకు ఎక్కించాడు. ఐవ్స్ అనే పాత పోటీ కంపెనీ 1928లో దివాలా తీస్తే, అమెరికన్ ఫ్లయర్ అనే మరో కంపెనీతో కలిసి దాన్ని కొనేశాడు.

మిక్కీ మౌస్ కాపాడిందా?

ఆ తర్వాత మహామాంద్యం వచ్చింది. తిండికే కటకటగా ఉన్న రోజుల్లో ఖరీదైన రైలు బొమ్మ ఎవరు కొంటారు? 1934లో లయనెల్ కోర్టు నియమించిన రిసీవర్ల చేతికి వెళ్లింది. అప్పులవాళ్లు తలుపు దగ్గరే ఉన్నారు.

ఆ ఏడాది క్రిస్మస్‌కు కంపెనీ ఒక చిన్న బొమ్మ తెచ్చింది. రైల్వే గ్యాంగ్‌మెన్ పట్టాల మీద చేత్తో కొట్టుకుంటూ వెళ్లే ట్రాలీ తెలుసు కదా, అలాంటిదే. అటు మిక్కీ మౌస్, ఇటు మిన్నీ మౌస్ నిలబడి కర్ర పైకీ కిందికీ ఆడిస్తుంటాయి. కరెంటు లేదు, కీ ఇస్తే స్ప్రింగ్‌తో నడుస్తుంది. ట్రాక్‌తో కలిపి ధర ఒక్క డాలర్. ఆ సీజన్‌లోనే 2,53,000 అమ్ముడయ్యాయి. ఆర్డర్లు ఇంకా ఎక్కువే వచ్చాయి, తయారుచేసి ఇవ్వలేకపోయారు. 1935 మొదట్లో కంపెనీ రిసీవర్ల నుంచి బయటపడింది. ఎలుక వచ్చి సింహాన్ని కాపాడిందన్నట్టు పత్రికలు రాసేశాయి. లయనెల్ పేరులో సింహం వినిపిస్తుంది కాబట్టి ఆ పోలిక కుదిరింది కూడా!

అయితే కాస్త లెక్క వేసి చూద్దాం. డాలర్ బొమ్మ మీద షాపువాడి వాటా, డిస్నీకి కట్టాల్సింది, తయారీ ఖర్చు పోతే కంపెనీకి మిగిలేదెంత? కొన్ని సెంట్లు. ఒక్క దాంతోనే అప్పులు తీరిపోయాయంటే నమ్మడం కష్టం. అదే ఏడాది యూనియన్ పసిఫిక్ వాళ్ల కొత్త స్ట్రీమ్‌లైన్డ్ రైలు ఎం-10000 నమూనాను కూడా లయనెల్ తెచ్చింది. దానికీ మంచి గిరాకీ వచ్చింది. ఖర్చులూ తగ్గించారు. ఇవన్నీ కలిస్తేనే కంపెనీ ఒడ్డున పడింది. కానీ పేరు మాత్రం మిక్కీకే పోయింది. నిజం రైలును అచ్చుగుద్దినట్టు చేయడమే తన ఘనతగా భావించిన కోవెన్ కంపెనీకి, ఎక్కడా లేని ఎలుకల ట్రాలీ పేరు తేవడం విచిత్రమే. వింత బొమ్మకు ఎంత గిరాకీ ఉంటుందో కంపెనీకి అక్కడే రుచి తగిలింది. తర్వాత్తర్వాత ఆ రుచే దెబ్బకొట్టింది.

రెండో ప్రపంచయుద్ధంలో లోహం మొత్తం యుద్ధ అవసరాలకే. 1942లో బొమ్మల తయారీ ఆగింది. ఫ్యాక్టరీలో నేవీకి కావాల్సిన దిక్సూచిల్లాంటి పరికరాలు చేశారు. పిల్లలు లయనెల్‌ను మర్చిపోకూడదని 1943లో అట్టముక్కలతో చేసిన రైలును డాలర్‌కు అమ్మారు. కత్తిరించిన ముక్కలు మడిచి, దూర్చి రైలు చేసుకోవాలి. పెద్దవాళ్లు కూర్చున్నా ఆ ముక్కలు ఒక పట్టాన కలిసేవి కావట. చాలామంది విసిగి అవతల పడేశారు. అందుకే ఇప్పుడు ముక్కలు విడదీయని అట్ట సెట్టు దొరికితే కలెక్టర్లు వదలరు.

పాలవాడు, పశువులు.. అసలు గిరాకీ ఇక్కడే

యుద్ధం ముగిశాక లయనెల్ స్వర్ణయుగం మొదలైంది. 1945లో అసలు రైళ్లలో లాగా పిడికిలి ఆకారంలో ఉండే కొత్త కప్లింగ్ వచ్చింది. 1946లో ఇంజన్ పొగ వదలడం మొదలెట్టింది. ఇంజన్ ఖరీదైన వస్తువు. ఇంటికి ఒకటి, మహా అయితే రెండు. అది కొన్నాక మళ్లీ ఆ పిల్లాడిని షాపుకు ఎలా రప్పించాలి? ప్రతి పుట్టినరోజుకూ, ప్రతి క్రిస్మస్‌కూ కొనదగ్గది ఏదో ఉండాలి కదా. వ్యాగన్ ఉన్నది అందుకే.

1947లో వచ్చిన పాల వ్యాగన్ దుమ్ము దులిపింది. చూడ్డానికి తెల్లటి రిఫ్రిజిరేటర్ వ్యాగన్. పైకప్పులో మూత తీసి బుల్లి లోహపు పాల క్యాన్లు లోపల వేయాలి. ట్రాక్ మీద ఒకచోట ప్రత్యేకమైన ముక్క ఉంటుంది. వ్యాగన్‌ను అక్కడ ఆపి బటన్ నొక్కితే, ఆ ముక్కలోని అదనపు పట్టాల నుంచి వ్యాగన్ అడుగున ఉన్న రేకుకు కరెంటు అందుతుంది. లోపలి కాయిల్ అయస్కాంతంలా మారి మీటను లాగుతుంది. తలుపులు తెరుచుకుంటాయి, తెల్ల బట్టల పాలవాడు బయటికొచ్చి క్యాన్‌ను ప్లాట్‌ఫామ్ మీదకు తోసి, లోపలికి పోతాడు. బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక క్యాన్. అంతే! దీనికే పిల్లలు, వాళ్ల తండ్రులు గంటలు గంటలు కూర్చునేవాళ్లు. లయనెల్ చరిత్రలో అత్యధికంగా అమ్ముడైన వాటిలో ఇదొకటి.

1949లో పశువుల వ్యాగన్ వచ్చింది. దీని కిటుకు ఇంకా సరదా. కొట్టం నేలకు సన్నటి వణుకు పుడుతుంది. ఆ వణుకుకు రబ్బరు ఆవులు ఒకదాని వెనక ఒకటి జరుగుతూ వ్యాగన్ ఎక్కుతాయి, మళ్లీ దిగుతాయి. ఎక్కనని మధ్యలో మొరాయించే ఆవు ఒకటి ఎప్పుడూ ఉండేది. అసలు పశువులు కూడా అంతే కదా!

1953లో 6464 నంబర్‌తో బాక్సుకార్ల సిరీస్ మొదలైంది. బాక్సుకార్ అంటే నాలుగువైపులా మూసి, పక్కన తలుపు జరిపే గూడ్స్ వ్యాగన్. ఇందులో పాలవాడు లేడు, ఆవులు లేవు, కదిలేదేమీ లేదు. నిజంగా నడిచే రైల్వే కంపెనీల రంగులు, గుర్తులు వేశారు అంతే. మొదటి ఏడాది వెస్ట్రన్ పసిఫిక్, గ్రేట్ నార్తర్న్, మిన్నియాపొలిస్ అండ్ సెయింట్ లూయిస్, రాక్ ఐలాండ్. తర్వాత ఏడాదికి కొన్ని చొప్పున వస్తూనే ఉన్నాయి. అలాస్కా రాష్ట్రమైన 1959లో అలాస్కా రైల్‌రోడ్ పేరుతో నీలం, పసుపు రంగుల్లో ఒకటి వదిలారు. నాలుగు ఉన్నవాడికి ఐదోది కావాలనిపిస్తుంది. స్టాంపులు, బబుల్‌గమ్ కార్డులు దాచినవాళ్లకు ఈ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటి కలెక్టర్లు ఇంకా ముదుర్లు. ఒకే వ్యాగన్‌లో తలుపు రంగు మారిందా, అచ్చులో గీత తేడా ఉందా, అక్షరం లావుగా పడిందా అని భూతద్దం పెట్టి మరీ వెతుకుతారు.

ఆ 1953లోనే లయనెల్ అమ్మకాలు 3 కోట్ల డాలర్లు దాటాయి. ప్రపంచంలోని అతిపెద్ద బొమ్మల కంపెనీల్లో ఒకటి. కోవెన్‌కు అప్పటికి 75 దాటాయి.

క్షిపణి వ్యాగన్లు.. గులాబీ రైలు

కొండ ఎక్కాక దిగుడు ఎప్పుడు మొదలైందో తెలీనంత నెమ్మదిగా మొదలైంది. అమెరికాలో జనం రైలు దిగి కార్లు, విమానాలు ఎక్కుతున్నారు. ఇంట్లోకి టీవీ వచ్చింది. పిల్లాడికి రైలు డ్రైవర్ కావాలన్న కల పోయింది. 1957లో స్పుత్నిక్ ఎగరగానే ఆకాశమే లోకమైపోయింది.

కంపెనీ ఏం చేసింది? రైలు మీదే రాకెట్ ఎక్కించింది! క్షిపణిని ప్రయోగించే వ్యాగన్, హెలికాప్టర్‌ను గాల్లోకి విసిరే వ్యాగన్, క్షిపణి తగలగానే గోడలు విడిపోయి పేలినట్టు కనిపించే బాక్సుకార్. ఆ తర్వాత పైన చెప్పిన జిరాఫీ, చేపల అక్వేరియం, అద్దాల్లోంచి బంగారు కడ్డీలు కనిపించే టంకశాల వ్యాగన్. ఒక్కోటి చూస్తే ముచ్చటగానే ఉంటాయి. కానీ పాల వ్యాగన్‌కూ వీటికీ తేడా ఉంది. పాలు, పశువులు నిజంగానే రైల్లో వెళ్లేవి. పిల్లాడు పక్క స్టేషన్‌లో చూసినదే ఇంట్లో ఆడుకునేవాడు. రైలు తలొంచుకుని పోతున్న కాలంలో జిరాఫీ ఎన్నిసార్లు తలొంచితే ఏం లాభం?

అన్నింటికన్నా పెద్ద దెబ్బ 1957 నాటి ఆడపిల్లల సెట్టు. గులాబీ రంగు ఆవిరి ఇంజన్, వెనకాల లేత నీలం, లేత పసుపు, లేత ఊదా రంగుల వ్యాగన్లు, ఆకాశం రంగు గార్డు వ్యాన్. అమ్మాయిలకు గులాబీ రంగైతే చాలనుకున్నారు. రైలంటే ఇష్టమున్న అమ్మాయికి కావాల్సింది నల్లటి అసలు రైలు లాంటిదే అన్న సంగతి కంపెనీలో ఎవరికీ తట్టలేదు. సెట్టు షాపుల్లో అలాగే పడుంది. కొందరు షాపువాళ్లు ఇంజన్‌కు నల్లరంగు కొట్టి అమ్ముకున్నారని కూడా చెప్తారు. రెండేళ్లకే కేటలాగ్‌లోంచి మాయమైంది.

1958లో కంపెనీ నష్టాల్లోకి జారింది. 1959లో కోవెన్ తన 55 వేల షేర్లను అమ్మేశాడు. వచ్చింది 8,25,000 డాలర్లు. కొన్న బృందానికి నాయకుడు ఎవరో తెలుసా? ఆయనకు వరసకు మనవడయ్యే లాయర్ రాయ్ కోన్! కమ్యూనిస్టుల వేట పేరుతో అమెరికాను వణికించిన సెనెటర్ జోసెఫ్ మెకార్తీ పక్కన కూర్చున్న రాయ్ కోనే. తర్వాత రోజుల్లో యువ డొనాల్డ్ ట్రంప్‌కు లాయర్‌గా, గురువుగా పేరు మోసింది కూడా ఈయనే. బొమ్మ రైళ్ల గురించి ఆయనకు తెలిసింది తక్కువ. నష్టాలు ఆగలేదు. 1963లో ఆయనా చేతులు దులుపుకున్నాడు.

కోవెన్ ఇదంతా దూరం నుంచి చూశాడు. తాను కిటికీలో ఒక్క వ్యాగన్‌తో మొదలెట్టింది ఎటు పోతోందో చూడటం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. 1965 సెప్టెంబర్ 8న ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో కన్నుమూశాడు. 88 ఏళ్లు.

పోయాక పెరిగిన గిరాకీ

ఆయన బతికుండగానే కలెక్టర్లు ఒక్కటవడం మొదలైంది. 1954లో పెన్సిల్వేనియాలో ట్రైన్ కలెక్టర్స్ అసోసియేషన్ పుట్టింది. స్ట్రాస్‌బర్గ్ అనే ఊళ్లో దాని మ్యూజియం ఇప్పటికీ ఉంది. అటు వెళ్లేవాళ్లు పిల్లలతో చూసి రావచ్చు, పిల్లల కన్నా పెద్దవాళ్లే ఎక్కువసేపు ఆగిపోతారు. ఇలాంటి సంఘాలు తమ వార్షిక సమావేశాల గుర్తుగా ప్రత్యేక వ్యాగన్లు వేయించడం ఆనవాయితీ అయింది.

1969లో ఉదయం పూట తినే సీరియల్స్ తయారుచేసే జనరల్ మిల్స్ కంపెనీ లయనెల్ రైళ్ల తయారీ హక్కులు తీసుకుంది. కొనేవాడు పిల్లాడు కాదని, ఒకప్పటి పిల్లాడని ఈ కొత్త యజమానులు పసిగట్టారు. అందుకే స్మారక వ్యాగన్లు వరసపెట్టి వచ్చాయి. అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండే సందర్భంలో 1776 నంబర్‌తో ఒక డీజిల్ ఇంజన్, దాని వెనక మొదటి 13 రాష్ట్రాల పేర్లతో 13 బాక్సుకార్లు విడివిడిగా వదిలారు. డెలావేర్‌తో మొదలై రోడ్ ఐలాండ్‌తో పూర్తి. 12 కొన్నవాడు 13వది కొనకుండా ఉంటాడా? కంపెనీ 75 ఏళ్ల పండుగకు ఇంకో రైలు. మిక్కీ మౌస్ మళ్లీ వచ్చింది, ఈసారి బాక్సుకార్ల మీద. 1980లో కంపెనీ 80 ఏళ్ల సిరీస్‌లో ఒక బాక్సుకార్‌ను ఏకంగా జాషువా లయనెల్ కోవెన్ పేరుతోనే తెచ్చారు. వ్యాగన్లు అమ్మిన మనిషి చివరికి తానే ఒక వ్యాగన్ అయ్యాడు.

మరి వీటి విలువ ఎంత? ఇక్కడే చాలామంది బోల్తా పడ్డారు. రేపు రేటు పెరుగుతుందని 70లు, 80ల్లో స్మారక వ్యాగన్లు కొని సీల్ తీయకుండా అటక మీద పెట్టినవాళ్లు ఎందరో. అందరూ అలాగే దాచారు! అందుకే అవి ఇప్పటికీ కొత్తవాటిలా, కావాల్సినన్ని దొరుకుతున్నాయి. చాలావాటికి అప్పుడు పెట్టిన డబ్బు, వడ్డీ లెక్కేస్తే, తిరిగి రాదు. 1950ల వ్యాగన్లను మాత్రం పిల్లలు ఆడి విరగ్గొట్టారు, తడిపారు, అట్టపెట్టెలు చింపేశారు. మిగిలినవి తక్కువ. ఎవరూ కొనక తక్కువగా తయారైన గులాబీ సెట్టు అయితే, పెట్టెలతో సహా బాగుంటే వేల డాలర్లు పలుకుతోంది. షాపులో దుమ్ముపట్టిన సరుకే కదా అది!

రేటు ఎక్కువున్న చోట నకిలీలూ ఉంటాయి. మామూలు వ్యాగన్‌కు లేత రంగు కొట్టి గులాబీ సెట్టులోదని అంటగట్టే మోసాలు ఈ హాబీలో పాత సంగతే. అందుకే కలెక్టర్లు సీ-1 నుంచి సీ-10 దాకా గ్రేడ్లు పెట్టుకున్నారు. సీ-10 అంటే చేయి తగలనంత కొత్తది. రంగు కింద ఇంకో రంగు ఉందా, స్క్రూలు, రివెట్లు ఎప్పుడైనా విప్పారా అని చూస్తారు. నారింజ, నీలం రంగుల పాత అట్టపెట్టెకు కూడా విడిగా రేటుంది. లోపల వ్యాగన్ లేకపోయినా సరే, ఖాళీ పెట్టె కొనేవాళ్లున్నారు. మొదటిసారి వినేవాళ్లకు నవ్వొస్తుంది కానీ, పెట్టె పక్కన అచ్చేసిన నంబర్‌ను బట్టే లోపలిది అసలుదా, మార్చిందా అనేది చాలాసార్లు తేలుతుంది.

కంపెనీ ఆ తర్వాత చాలా చేతులు మారింది. ఒక దశలో రాక్ గాయకుడు నీల్ యంగ్ కూడా వాటాదారు అయ్యాడు. ఇప్పుడు ఇంజన్లను ఫోన్‌తో నడుపుతున్నారు. మూడు పట్టాలు మాత్రం మారలేదు. 1945 నాటి కప్లింగ్ డిజైన్ కూడా దాదాపు అలాగే కొనసాగుతోంది. కాబట్టి తాతల నాటి 6464 బాక్సుకార్ అటక మీంచి దించి, చక్రాలకు కాస్త నూనె వేసి, నిన్న కొన్న కొత్త వ్యాగన్ వెనక తగిలిస్తే చాలు. టక్కుమని తగులుకుని కదిలిపోతుంది.